మీ పక్కన ఎవరైనా ఏడిస్తే

మా అసిపాకు ఏడుపు ఇట్టే వచ్చేది. డాక్టరీ చదివేటప్పుడు హాస్టల్లో ఆరేళ్ళు ఒకే గదిలో ఉన్నాం కాబట్టి ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. పక్క గది పిల్లకు ఇంటి నుంచి ఫోనొచ్చి తాత పోయాడని తెలిస్తే, ఆ పిల్ల కంటే ముందు ఇది భోరుమనేది. ఆ తాత ముఖమైనా ఎరగదు.

"నీకేమవుతాడే ఆయన?" అని కసిరేదాన్ని.

"అది ఒక్కతే ఏడుస్తోంది కదే. చూస్తూ కూచోమంటావా?" అనేది ముక్కు తుడుచుకుంటూ.

అందులో వింతేమీ లేదు. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదన్న సామెత మా నరీన్ కొండల్లో చెల్లదు. చావింటికి వచ్చే మగవాళ్ళు ఇల్లింకా అల్లంత దూరాన ఉండగానే గుర్రం దిగి, "అయ్యో, నా తోడబుట్టినవాడా!" అని గొంతెత్తి ఏడుస్తూ వస్తారు. ఆడవాళ్ళు ఉన్ని గుడారం లోపల, వచ్చేవాళ్ళకు వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుని, పోయినవాళ్ళ మంచితనం పాడుకుంటూ ఏడుస్తారు. కన్ను తడవకుండా వచ్చి టీ తాగి వెళ్ళినవాణ్ణి ఊరు పదేళ్ళు ఆడిపోసుకుంటుంది. నేను మాత్రం మొదటి నుంచీ కొంచెం రాతి గుండెదాన్నే. మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతి అది.

అసిపాకు ముందు వాళ్ళమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. రెండుసార్లూ చలికాలమే. కనుమ దారి మంచుతో మూసుకుపోయి డాక్టరు రాలేకపోయాడు. దీనికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో ఒకటే మాట: నువ్వు పిల్లల డాక్టరువి కావాలి. వేరే కోరిక దానికి ఎవరూ నేర్పలేదు, అదీ నేర్చుకోలేదు.

ఆరో ఏడు చివర్లో మా కాలేజీకి ఒక ప్రశ్నల పత్రం వచ్చింది. ఎక్కడో దూరదేశంలో తయారైతే, రష్యన్‌లోకి దించి, అందులోంచి మా భాషలోకి దించారు. ఏ డాక్టరుకు ఏ విభాగం నప్పుతుందో అది చెబుతుందట. చేతిపని ఇష్టమా? నిద్రలో లేపితే చిరాకా? ఒకే పని రోజంతా చేయగలరా? ఇలా నూటికి పైనే ఉన్నాయి. దేనికైనా అవును అనో కాదు అనో రాయాలి. పత్రాలు పంచిన మనస్తత్వ నిపుణుడు ఎర్మెక్ సాతారోవిచ్‌ది సన్నటి టై, మెత్తటి మాట. బూటుకు బురద అంటిన మనిషి కాడు.

"ఇందులో తప్పొప్పులు లేవమ్మా. మనసులో ఉన్నదే రాయండి. ఇది సలహా మాత్రమే," అన్నాడు.

సలహా మాత్రమే అని ఎవరైనా అంటే మా దేశంలో వెంటనే జేబులు తడుముకోవాలి. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

పత్రం మధ్యలో ఎక్కడో ఈ ప్రశ్న ఉంది: మీ పక్కన ఎవరైనా ఏడిస్తే మీకూ ఏడుపు వస్తుందా?

బయటికొచ్చాక అడిగాను. "ఆ ఏడుపు ప్రశ్నకేం రాశావే?"

"అవుననే. నువ్వు?"

"కాదని."

"సిగ్గులేదూ! ఎవరైనా తమ గురించి తామే అలా రాసుకుంటారా?" అని పకపకా నవ్వింది.

పల్లెల నుంచి వచ్చినవాళ్ళంతా అవుననే రాశారు. కాదని రాయడమంటే మా వాళ్ళ లెక్కలో నేను మనిషిని కానని సంతకం పెట్టడమే. ఆ పత్రం లెక్క వేరు. అవునని రాస్తే ఆ మనిషిది పిరికి గుండె. రోగుల దరిదాపుల్లో ఉంచకూడదు. ఫలితాలొచ్చాయి. నాకు స్థిరచిత్తమట, ఎక్కడైనా పనికొస్తానట. అసిపా పేరు ఎదురుగా మాత్రం, 'రోగులతో నేరుగా మెలగని విభాగం మేలు. శవపరీక్ష' అని ఉంది. సర్కారు ఖర్చుతో పైచదువు సీట్లు ఆ ఏడు ఆ కాగితం చూసే పంచారు. సొంత ఖర్చుతో చదివించే స్తోమత దాని ఇంట్లో లేదు.

దాన్ని వెంటబెట్టుకుని నేనే ఎర్మెక్ సాతారోవిచ్ గదికి వెళ్ళాను.

"సార్, నేను పిల్లల డాక్టరు కావాలనే చదివానండీ," అంది.

"కావాలనుకోవడం వేరు తల్లీ, తగడం వేరు. ప్రతి బిడ్డ పక్కనా కూచుని నువ్వేడిస్తే మిగతా బిడ్డల్ని ఎవరు చూస్తారు?"

"ఏడుస్తూ కూడా చూడొచ్చండీ. మా అమ్మ ఏడుస్తూనే పాలు పితికేది."

"చూశావా? ఇప్పుడు కూడా ఏడుస్తున్నావు," అని ఆయన జాలిగా మంచినీళ్ళ గ్లాసు జరిపాడు.

ఆయన చెడ్డవాడు కాడు. నాకు మంటంతా అందుకే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటపడేవాళ్ళం.

చదువులయ్యాక ఇద్దరం మా కొండ పట్నం ఆసుపత్రికే వచ్చాం. నాది పై అంతస్తులో పెద్దవాళ్ళ వార్డు. అసిపాది బొగ్గు కొట్టు వెనకనున్న శవాల గది. వాళ్ళమ్మ ఊళ్ళో కూతురు డాక్టరని మాత్రమే చెప్పుకుంది. అలాంటివి దాగుతాయా? ఒక పెళ్ళిలో అసిపా పిండి ముద్దలు వేయిస్తుంటే ఓ పెద్దావిడ దాని చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుంది. "నువ్వు అలిసిపోయుంటావు తల్లీ, కూచో," అంది. అది వేయించిన ముద్దలు పళ్ళెంలో అలాగే మిగిలిపోయాయి.

మొదట్లో అది శవాల గదిలోనూ ఏడ్చేది. మా వాళ్ళు శవాన్ని కోయనివ్వరు. పొద్దు వాలేలోగా మట్టి చేయాలని తొందర. వచ్చి కాళ్ళు పట్టుకునేవాళ్ళు. కోయకపోతే పైవాళ్ళు ఊరుకోరు. దాంతో అది వాళ్ళతోపాటు ఏడ్చి, లోపలికి వెళ్ళి, తన పని తాను చేసి, మళ్ళీ వచ్చి వాళ్ళతో ఏడ్చేది. గుమాస్తాలు దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. చలికాలంలో ఎక్కువగా పసివాళ్ళే వచ్చేవాళ్ళు. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టాక ఆలస్యంగా తెచ్చిన బిడ్డలు.

"పిల్లల డాక్టరువే అయ్యావుగా మరి," అన్నాడు ఒకసారి శవాల బండి తోలే తోలోన్. వాడి చెంప పగలగొడదామనుకున్నాను. ఇది నవ్వింది. కొన్నాళ్ళకు ఆ మాట అదే అనడం మొదలుపెట్టింది. ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో నేను కనిపెట్టలేదు. అదీ కనిపెట్టినట్టు లేదు.

ఏటా పిల్లల వార్డుకు మార్చమని అర్జీ పెట్టేది. పాత ఫలితం చూపించి ఏటా కాదనేవాళ్ళు. చివరికి మా పిల్లల డాక్టరు కూడా అందరిలాగే రష్యాకు వలసపోయాడు. వార్డు దిక్కులేనిదైంది. పెద్ద డాక్టరు అసిపాను పిలిచి, మళ్ళీ ఆ ప్రశ్నలు రాసి తగినదానివని తేలితే పిల్లల వైద్యం నేర్చుకు రమ్మని రాజధానికి పంపుతానన్నాడు. ఎర్మెక్ సాతారోవిచ్ జీపులో వచ్చాడు. టై అదే, జుట్టు మాత్రం తగ్గింది.

ముందు రోజు దాన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "ఒసేయ్, ఈసారైనా బుద్ధి తెచ్చుకో. ఆ ప్రశ్న వస్తుంది. కాదు అని రాయి. రెండక్షరాలు. చచ్చేటంత నిజాయితీ ఒలకబోయకు."

"సరే."

"ఒట్టు?"

"ఒట్టెందుకే? రాస్తాన్లే."

మర్నాడు అది గదిలోంచి బయటికి రాగానే చెయ్యి పట్టుకున్నాను. "రాశావా?"

"రాశాను."

"అమ్మయ్య! మొత్తానికి అబద్ధమాడ్డం నేర్చావు."

"అబద్ధం కాదే కన్షాయ్," అంది. "చాలాసేపు ఆలోచించే రాశాను."

దాని ముఖంలోకి చూశాను. అక్కడ సంతోషమూ లేదు, బెంగా లేదు. పని అయిపోయింది అన్నట్టుంది.

ఎర్మెక్ సాతారోవిచ్ దానికి కరచాలనం చేసి, "రాటుదేలారు. మాకు కావలసింది ఇదే," అన్నాడు. అసిపా వాళ్ళమ్మ గొర్రెను కోసి ఊరిని భోజనానికి పిలిచింది. ఆనాడు పెళ్ళిలో గరిటె తీసుకున్న ఆవిడ కూడా వచ్చి, మనవణ్ణి అసిపా ఒళ్ళో కూర్చోబెట్టి దీవించమంది. వాళ్ళమ్మ ఆ రోజంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. చూసి నాకూ ధైర్యం వచ్చింది. పిల్లల మధ్య పడితే ఇది మళ్ళీ మామూలు మనిషవుతుందనుకున్నాను.

చదువుకుని వచ్చింది. మంచి డాక్టరయింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ చలికాలం తాజాగుల్ అనే పిల్ల ఎనిమిది నెలల కొడుకును దుప్పట్లో చుట్టి, మంచులో ట్రాక్టరు మీద తెచ్చింది. అసిపా రెండు రోజులు ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. మూడో రోజు పొద్దున నేను దాన్ని టీకి పిలుద్దామని కిందికి దిగేసరికి, బిడ్డ అప్పుడే పోయాడు.

అసిపా గొట్టం తీసింది. చేతులు తిన్నగా సర్దింది. జేబులోంచి గుడ్డపట్టీ తీసి, చిన్న దవడ కిందుగా తల చుట్టూ కట్టి ముడి వేసింది. గడియారం చూసి నర్సుకు వేళ చెప్పింది. ఏ తప్పూ చేయలేదు. తల్లి ఎదురుగానే ఉందని మరిచిపోయింది, అంతే.

తాజాగుల్ దాని కోటు పట్టుకుంది. "అక్కా, నువ్వైనా ఏడువక్కా. మా ఆయన మాస్కోలో ఉన్నాడు. మావాళ్ళు ఒక్కరూ లేరిక్కడ. ఒక్కదాన్నే ఎలా ఏడవనక్కా?"

అసిపా నిలబడిపోయింది. పెదాలు వంకర్లు పోయాయి. తుమ్ము రాక అవస్థపడే పిల్లలా ముఖమంతా ముడుచుకుంది. చావింట్లో కన్నీరు రాని పిల్లల్ని పెద్దవాళ్ళు గిల్లుతారు చూడండి, అలా కోటు లోపల తన తొడను తానే గిల్లుకోవడం నా కంటపడింది. ఒక్క చుక్క రాలేదు.

నేను వెళ్ళి తాజాగుల్‌ను పట్టుకున్నాను. రాతి గుండెదాన్ననుకున్నానా, గొంతు దానంతట అదే లేచింది. ఆ పిల్లతో కలిసి బావురుమన్నాను. బిడ్డ కోసమని ఆమె అనుకుంది. నేను ఏడ్చింది అసిపాను చూసి.

తర్వాత నడవాలో అది నన్ను ఆపింది. "ఎలా ఏడ్చావే?" అని అడిగింది. సూది ఎక్కడ గుచ్చావని అడిగినట్టు అడిగింది.

అప్పటి నుంచీ వార్డులో బిడ్డ పోతే నర్సు పైకి వచ్చి, "అక్కా, అసిపా డాక్టరుగారు రమ్మంటున్నారు," అంటుంది. ఎందుకని నేను అడగను. దిగి వెళ్ళి తల్లి పక్కన కూచుంటాను. అసిపా తలుపు దగ్గర ఎవరూ రాకుండా నిలబడుతుంది.

పోయిన నెల ఫోను చేసింది. పోయింది వార్డులో బిడ్డ కాదు. వాళ్ళమ్మ.

"నువ్వు రావే," అంది. "నా పక్కన కూచో."

ఎముకలు కొరికే చలి. గుడారంలో ఇద్దరం గోడవైపు తిరిగి కూచున్నాం. దాని భుజం నా భుజానికి ఆనింది. బయట గుర్రాలు ఆగుతున్నాయి, మగవాళ్ళు ఏడుస్తూ వస్తున్నారు. లోపల గొంతెత్తాల్సింది కూతురు. అందరూ దాని కోసం ఎదురు చూస్తున్నారు. అది నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేను "అమ్మా" అన్నాను. పోయిన ఇద్దరు పిల్లల పేర్లూ, కనుమ దారినీ, పాలు పితికిన ఆ చేతులనూ, పిల్లల డాక్టరైన కూతురినీ తలచి పాడాను. అసిపా తల వంచుకుని వింటూ కూచుంది.

మా వీపుల వెనక ఓ ముసలావిడ పక్కావిడతో అంది. "విన్నావా? కూతురంటే అలా ఉండాలి."