దారం డ్రైవరు గారి వంకర కారు

బస్సు నడిపిన రోజుల్లో ఆయనకు దారం డ్రైవరని పేరు. రోడ్డు మీద ఎవరో దారం లాగి కట్టినట్టు బస్సు సూటిగా పోయేది. ఆయన బస్సెక్కి నిద్రపోయినవాళ్ల తల పక్కవాడి భుజం మీద వాలేది కాదు. దిగాల్సిన స్టాపులో కండక్టరు తట్టి లేపాల్సి వచ్చేది. "నిద్రపోయిన ప్యాసింజరే డ్రైవరుకి సర్టిఫికెట్టు," అనేవాడు. రిటైరయ్యాక కూడా ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. విన్నవాళ్లకే మళ్లీ చెబుతాడు.

అలాంటి మనిషి ఆ శనివారం మధ్యాహ్నం సొంత కారు కింద వెల్లకిలా పడుకుని దాన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. రిటైరైనప్పుడు మోజుపడి కొనుక్కున్న పాత కారది. జీవితమంతా కంపెనీ బండి నడిపినవాడికి తనదంటూ ఒక స్టీరింగు ఉండాలన్న కోరిక. కోరిక తీరింది గానీ ఆ స్టీరింగు మాత్రం వదులు. నాలుగు వేళ్ల మేర తిప్పినా ముందు చక్రాలకు కబురందదు. అందాక ఒక్కసారిగా తిరుగుతాయి. రోడ్డెక్కితే కాసేపు ఎడమకు, కాసేపు కుడికి, సంతలో తప్పిపోయిన దూడలా పోతుంది. "నా చేతిలో బాగానే పోతోందిగా," అనేవాడాయన. పోతున్న మాట నిజమే. వెనక సీట్లో కూర్చునే భార్య మాత్రం ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా తలుపు పైనున్న పిడి వదిలేది కాదు.

"ఎందుకే అలా పట్టుకుంటావు? నా డ్రైవింగు మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదండీ, అలవాటు," అనేదావిడ, ఇంకాస్త గట్టిగా పట్టుకుని.

ఇప్పుడు చిక్కు ఆవిడతో కాదు, కోడలితో. కోడలు ఆసుపత్రిలో నర్సు. మంచాన పడ్డ రోగుల ఇళ్లకు వెళ్లి చూసే కొత్త ఉద్యోగం ఆమెకు ఇస్తామన్నారు. అందులో రాత్రి డ్యూటీలుండవు, పిల్లదాన్ని రోజూ దగ్గర పడుకోబెట్టుకోవచ్చు. కాకపోతే కారు నడిపే లైసెన్సు ఉండాలి. పరీక్షకు ఎవరి కారు వాళ్లే తెచ్చుకోవాలి కాబట్టి ఈ కారుతోనే వెళ్లింది, ఈ కారుతోనే తప్పింది. రెండు తెల్లగీతల మధ్య సూటిగా పోనివ్వమంటే కారు పాములా మెలికలు తిరిగింది. మళ్లీ పరీక్ష సోమవారం. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు ముందే చెప్పేశారు.

పరీక్ష తప్పిన రోజు ఆమె ఇంటికొచ్చి, "స్టీరింగు లాగేస్తోంది మావయ్యా," అంది. ఆయన ఊరుకోవచ్చుగా? "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. తప్పు కారుది కాదమ్మాయ్, చేతిది," అన్నాడు, అందరూ వింటుండగా. ఆమె కంచం ముందు కూర్చుని, కాసేపు చూసి, లేచి వెళ్లిపోయింది. అది చూశాక ఆయనకూ ముద్ద దిగలేదు. జారిన మాటను ఎలాగూ వెనక్కి తీసుకోలేడు, ఆ అలవాటూ లేదు. కాబట్టి కారునైనా బాగుచేసి తీరాలనుకున్నాడు.

బాగుచేయడమంటే ఆయనకు తెలిసిన మంత్రం ఒక్కటే. స్టీరింగు బాక్సు మీద ఒక స్క్రూ ఉంటుంది. దాని నట్టు వదులు చేసి స్క్రూను కొంచెం బిగిస్తే స్టీరింగులో ఆట, అంటే ఆ వదులు, తగ్గుతుంది. డిపోలో మెకానిక్కులు చేస్తుంటే డ్రైవరు సీట్లోంచి చూసి నేర్చుకున్నాడు. కొంచెం బిగించాడు. తగ్గినట్టే ఉంది. ఇంకొంచెం బిగించాడు. మళ్లీ ఇంకొంచెం. చివరికి స్టీరింగు ఎంత బిగుసుకుపోయిందంటే, మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రావడం మానేసి తిప్పినచోటే మొండికేసింది. కారు వంకర పోలేదు సరికదా, ఇంకా పెరిగింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

టైర్లలో గాలి చూశాడు. ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాడు. చక్రాల అలైన్‌మెంటు చేయించాడు. ఆ దుకాణం నుంచి ఇల్లు చేరేలోపే కారు దాని బుద్ధి చూపించింది. ఇక లాభం లేదని కిందికి దూరి, చక్రాలను తిప్పే రాడ్డులనూ వాటి చివర్లనున్న జాయింట్లనూ ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని లాగి చూశాడు. అన్నీ రాయిలా ఉన్నాయి. మళ్లీ లాగాడు. మోచెయ్యి గీరుకుంది, కంట్లో తుప్పు పడింది, స్పానరు జారి గడ్డానికి తగిలింది.

"తగలెయ్య నీ మొహం!" అని అరిచాడు.

"ఎవర్నండీ?" అంది భార్య వంటింట్లోంచి.

"నిన్ను కాదే, కారుని!"

"అయితే సరే, కానివ్వండి."

అప్పుడే కోడలు డ్యూటీ నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా కారు షెడ్డులోకి నడిచింది. కారు పక్కన గొంతుక్కూర్చుని కిందికి తొంగి చూసింది.

"మావయ్యా, నేను లోపల కూర్చుని స్టీరింగు అటూ ఇటూ ఊపుతాను. ఏది కదులుతోందో మీరు కింద నుంచి చూడండి."

"నేను కింద ఉంటే బండిలో ఎవరూ ఉండకూడదు. అది నా రూలు."

ఆ రూలు ఊరికే వచ్చింది కాదు. డిపోలో ఒకసారి, కింద మనిషి ఉన్నాడని తెలియక ఎవరో బస్సు స్టార్టు చేశారు. కింద ఉన్నవాడు బతికాడు గానీ కుడిచెయ్యి దక్కలేదు. అప్పటి నుంచీ దారం డ్రైవరు బండి కింద ఏం చూడాలన్నా ఒంటరిగానే చూస్తాడు, తాళంచెవి జేబులో వేసుకుని మరీ దూరతాడు.

"కీలు నొప్పన్న మనిషిని పడుకోబెట్టి చూస్తే ఏం తెలుస్తుంది మావయ్యా? నడిపించి చూడాలి."

"నాకు పాఠాలు చెబుతున్నావా?"

"పాఠాలు కాదు మావయ్యా, సోమవారం నాకు పరీక్ష." ఆమె ఇంకాస్త కిందికి వంగింది. "తప్పు నా చేతిదే అనుకోండి. నేను కాదనను. కానీ ఒక్కసారి చూడండి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషాయన. అయినా తన మాటే తనకు తిరిగొచ్చి తగిలేసరికి, స్పానరు దెబ్బకంటే ఎక్కువ నొప్పి పెట్టింది. బయటికి పాక్కుంటూ వచ్చాడు. బ్యాటరీ తీగ ఊడదీశాడు. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, కాలితో తన్ని చూశాడు. అప్పుడు గానీ తాళంచెవి ఆమె చేతిలో పెట్టలేదు.

"స్టీరింగు లాకు తీసి వదిలెయ్. స్టార్టు మాట తలుచుకోకు."

"బ్యాటరీ తీసేశారు కదా మావయ్యా!"

"అయినా తలుచుకోకు."

ఆమె ఊపింది. ఎడమ చక్రం దగ్గరి జాయింటులో రాడ్డు ముందు పైకెగిరి, ఆ తర్వాత చక్రాన్ని కదిపింది. ఊడబోయే పన్నులా ఆడుతోంది. చేత్తో లాగినప్పుడు రాయిలా ఉన్నదే, చక్రం బరువు మీద పడేసరికి గుట్టు బయటపెట్టింది. మళ్లీ ఊపమన్నాడు. టక్, టక్.

"కనిపించిందా మావయ్యా?"

మద్దెల నిజంగానే ఓడు. ఇన్నాళ్లూ తాను బిగించింది బాగున్నదాన్ని, చెడ్డదాన్ని కాదు. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఆ కోపమంతా జాయింటు నట్టు మీద చూపించాడు. నట్టు తుప్పు పట్టి ఒక పట్టాన కదల్లేదు. సుత్తి దెబ్బలకు వీధిలో కుక్కలు మొరిగాయి. దుకాణానికి పరుగెత్తి కొత్త జాయింటు తెచ్చాడు, పాతది ఎంతవరకు ఎక్కి ఉందో దాన్నీ అంతవరకే బిగించాడు, స్టీరింగు బాక్సు స్క్రూను మళ్లీ వెనక్కి వదిలాడు. అంతా అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

పొద్దు వాలకముందే భార్యను వెనకా, కోడలిని పక్కనా కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాడు. కారు ఎడమకు పోయింది. తర్వాత కుడికి పోయింది. మళ్లీ ఎడమకు.

"వంకర పోలేదు! ఇంకా పోలేదు!" స్టీరింగు మీద గట్టిగా కొట్టి, కారు పక్కకు ఆపేశాడు. "నావల్ల కాదు. దీన్ని తుక్కు కింద అమ్మి పారేస్తాను!" అన్నాడు.

"నేనోసారి చూస్తాను మావయ్యా," అంది కోడలు.

సీట్లు మార్చుకున్నారు. ఆమె బయలుదేరింది. కారు గీత గీసినట్టు పోయింది. ఏం కిటుకు చేస్తోందా అని ఆయన ఆమె చేతుల వంక చూశాడు. ఏమీ చేయడం లేదు, ఊరికే పట్టుకుంది. అప్పుడు తన చేతులు చూసుకున్నాడు. అవి ఒళ్లో ఉండి కూడా కాస్త ఎడమకూ, కాస్త కుడికీ కదులుతున్నాయి. లేని వంకరను సరిచేస్తున్నాయి. సూటిగా పోయేది కారని అనుకున్నాడు గానీ, ఇన్నేళ్లూ దాని వంకరను ఈ చేతులే మోశాయి. మోసి మోసి సూటితనం మరిచిపోయాయి. బస్సంతా నిద్రపుచ్చిన చేతులు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. రెండు చేతులనూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

"ఏమైంది మావయ్యా?"

"ఏం లేదు. నువ్వు రోడ్డు చూడు."

సోమవారం పొద్దున తాళంచెవి ఆమెకే ఇచ్చి, తాను పక్క సీట్లో కూర్చున్నాడు. భార్య కూడా వచ్చింది, వద్దన్నా వినలేదు. పరీక్ష మైదానంలో కోడలు నడుపుతుంటే ఆయన ప్రహరీ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెండు తెల్లగీతల మధ్య కారు అటు తాకలేదు, ఇటు తాకలేదు. దిగి వచ్చేటప్పుడు ఆమె మొహం చూస్తేనే పాసైందని తెలిసిపోయింది.

"కారు మార్చారా అని అడిగాడు పరీక్ష పెట్టిన ఆఫీసరు," అంది తిరుగుదారిలో నవ్వుతూ. "ఒక్క జాయింటే మార్చామన్నాను."

ఆయన కిటికీ అద్దం దించి, మళ్లీ ఎక్కించాడు.

"అమ్మాయ్. ఆవేళ నీ చెయ్యి గురించి ఒక మాటన్నాను..."

"పోనివ్వండి మావయ్యా."

"పోనివ్వను. తప్పు నాది," అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నోట ఈ మాట రావడం ఇదే మొదలు. భార్య విందో లేదో, వింటే ఏమంటుందోనని వెనక్కి తిరిగాడు.

ఆవిడ తల కిటికీకి ఆనుకుని ఉంది. నోరు కాస్త తెరుచుకుంది. తలుపు పైనున్న పిడి ఖాళీగా వేలాడుతోంది, ఆవిడ చెయ్యి ఒళ్లో ఉంది.

ఆయన ముందుకు తిరిగి, గొంతు తగ్గించాడు.

"మెల్లగా పోనివ్వమ్మా. మీ అత్తయ్య నిద్రపోయింది."