ఎనిమిది తలలు, ఇరవై రెండు కాళ్లు

మా ఎదురింటి అత్త పోయింది. మంగళవారం పొద్దున కరీంనగర్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మీలో ఎవరికీ ఆమె తెలియదు. మా వాడలో బీడీలు చేసే ఆడవాళ్లకు తప్ప ఆమె ఎవరికి తెలుసు? అందుకే రాస్తున్నాను.

మధ్యాహ్నం తిండి అయ్యాక బీడీ ఆకు, పొగాకు పోసిన చాటలు పట్టుకొని అందరం ఆమె అరుగు మీదికి చేరేవాళ్లం. ఆమె తన మనుమరాలి మూడో తరగతి లెక్కల పుస్తకం మోకాలి కింద నొక్కిపెట్టి, అందులోని పొడుపు లెక్కలు పైకి చదివేది. "సీరియల్లు చూస్తె ఏడుపొస్తది. గివైతే నవ్వొస్తది," అనేది. కాగితం లేదు, పెన్ను లేదు. చేతులు బీడీల మీదే ఉండాలి, లెక్క తలలోనే చేయాలి. జవాబు దొరికినవాళ్లు చాటలో ఒక ఆకు బోర్లా పెట్టి, చివరి మనిషికి దొరికేదాకా నోరు మూసుకోవాలి. ఎవరైనా ఆగలేకపోతే, "నోట్లె పెట్టుకొని కూసోవే, కరిగిపోదు," అని కసిరేది.

ఆ చివరి మనిషిని ఎప్పుడూ నేనే. పదో తరగతి లెక్కల్లో తప్పి చాట పట్టుకున్నదాన్ని. మొదటిరోజు ఆమె ఇచ్చిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. కొండగట్టు గుడి లైన్లో నేను ముందు నుంచి లెక్కపెట్టినా ఏడోదాన్ని, వెనక నుంచి లెక్కపెట్టినా ఏడోదాన్ని. లైన్లో ఎంతమంది?

"పద్నాలుగు!" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు.

"నవ్వకుండ్రి. జర టైమియ్యుండ్రి దానికి," అంది అత్త.

ఒక కట్ట బీడీలు పూర్తయ్యాయి. అప్పుడు తట్టింది, నన్ను నేనే రెండుసార్లు లెక్కపెట్టుకున్నానని. "పదమూడు," అన్నాను మెల్లగా. అత్త చాట పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. అబ్బ, ఎంత సంతోషమనిపించిందో! బడిలో సారు ఆగలేదు, ఇంట్లో ఎవరూ ఆగలేదు. నాకోసం ఆగిన మొదటి మనిషి ఆమే.

మొన్న సోమవారం. కోళ్లు, మేకలు కలిసి తలలు ఎనిమిది, కాళ్లు ఇరవై రెండు. మేకలెన్ని? అన్నీ కోళ్లే అనుకుంటే పదహారు కాళ్లు. ఇంకా ఆరు మిగిలాయి. ఒక్కో మేకకు రెండు చొప్పున పంచితే మూడు మేకలు. అందరికంటే ముందు నా ఆకు బోర్లా పడింది! నా జన్మలో మొదటిసారి. తర్వాత ఒక్కొక్కరూ పెట్టారు. అత్త ఒక్కతే మిగిలింది. కళ్లు మూసుకొని చెప్పే మనిషి, బీడీలు ఆపేసి, వేళ్లు మడుస్తూ విప్పుతూ కూర్చుంది. నన్ను గెలిపించడానికి నటిస్తోందనుకున్నాను.

"నాకు వస్తలేదే. చెప్పు బిడ్డా," అంది.

"నోట్లె పెట్టుకున్న అత్తా, కరిగిపోదు తియ్!" అన్నాను.

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది, మూతి కొంచెం పక్కకు పోయింది. వెక్కిరిస్తోందనుకున్నాను. "రేపటిదాకా ఆలోచించు," అని చాట ఎత్తుకొని వచ్చేశాను.

మెదడులో రక్తం గడ్డకట్టడం ముందురోజే మొదలై ఉంటుందన్నాడట డాక్టరు. నీకేం తెలుసు, నీ తప్పేముంది అంటున్నారు అందరూ. కావచ్చు. కానీ అన్నిసార్లు నాకోసం ఆగిన మనిషి ఒక్కసారి చెప్పమని అడిగింది కదా! మూడు అనడానికి ఎంతసేపు పట్టేది నాకు? నా నోరు పడిపోయినా బాగుండేది.

మూడోరోజు వాళ్లింట్లో కూర్చున్నాం. ఆమె కూతురు బట్టల షాపులో పనిచేస్తుంది, బీడీల పని ఎరగదు. "అవ్వకు మాట పడిపోయింది గని చేతులు ఆగలే. బండ్ల నా ఒళ్లె పండుకొని గూడ బీడీలు చుట్టుకుంటనే పోయింది," అని ఏడ్చింది. ఎట్లా చుట్టిందో చేసి చూపించింది. ఒక్కో వేలు మడుస్తూ ఎనిమిది దాకా వచ్చింది. ఆగింది. అన్నీ విప్పి మళ్లీ మొదటి వేలు మడిచింది.

బీడీలు అలా చుట్టరని అక్కడున్న మా అందరికీ తెలుసు.