అయిదడుగుల మనిషికి ఎంత లెన్సు

నాకు కోపం ఎక్కువ. దాచిపెట్టేదేం లేదు, నంద్యాలలో నా దగ్గర సైన్సు చదివిన ఎవున్ని అడిగినా చెప్తాడు. తప్పు లెక్క చూస్తే నాకు ఒళ్లు మండుతాది. అందుకే ఆ పొద్దు కెమెరాల రిపేరీ అంగడాయప్ప, "రెండు వందల మిల్లీమీటర్ల లెన్సు తీసుకోండి సార్, నంబరు పెద్దదైతే బొమ్మ పెద్దగా పడతాది" అనేసరికి నోరు ఊరుకోల్యా.

"ఎవురు చెప్పినారప్పా నీకు? ఉన్న జాగాలో బొమ్మ పెద్దగా పడాలంటే నంబరు తగ్గాల. నంబరు పెరిగేకొద్దీ మిషను ఎనక్కి జరుపుకుంటా పోవాల. అంగడి పెట్టుకోని ఇది గూడా తెలీదా?" అంటి.

పాపం, ఆయప్ప తప్పేం ఉంది? స్లైడు ప్రొజెక్టరుకు లెన్సు కావాలని ఈ కాలంలో అడిగేది నేనొక్కన్నే. ఇప్పటి పిల్లోల్లకు స్లైడు అంటే ఏందో గూడా తెలీదు. అగ్గిపెట్టెంత చట్రంలో బిగించిన రంగుల ఫిలిం ముక్క అది. దాని ఎనక లైటు, ముందర లెన్సు, ఎదురుగా గోడ. అంతే. పాత లెన్సును చేతిగుడ్డలో చుట్టుకోని పోయినా, గొట్టం లావు సరిపోవాల గదా. దాని మీద నూటయాభై అని ఉంది. వేలంలో కొన్న మిషను, ఏదో పెద్ద హాలుకు పెట్టిన లెన్సు.

నాకు కావాల్సింది ఒక్క స్లైడు చూడటానికి. మా ఇంటామెది.

ఆమె పోయి మూడేండ్లయింది. ఇంట్లో ఫొటోలకు తక్కువ లేదు గానీ అన్నిట్లో పెదవులు బిగబట్టుకోని, రేషను కార్డుకు దిగినట్టే ఉంటాది. పన్ను మీద పన్ను ఉండేదని నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఒకే ఒక్కతూరి, పెండ్లయిన కొత్తల్లో, అహోబిలం మెట్ల కాడ నా చేతిలో పెరుగన్నం పొట్లాన్ని కోతి గుంజుకోని పోతే, చెయ్యి అడ్డం పెట్టుకునేది మర్చిపోయి నవ్వింది. కోతి పోతే పోయిందిలే అని నేను కెమెరా ఎత్తినా. ఆ నవ్వు ఆ స్లైడులో తప్ప ఇంక యాడా లేదు.

ఆ స్లైడు ఆళ్లగడ్డలో ఉండేది, నా స్నేహితుని దగ్గర. ఇద్దరం ఒకే బెంచీ మీద చదివినాం. నేను పంతులైతి, వాడు తాతల పని పట్టుకోని శిల్పి అయినాడు. పాత గుళ్లలో బొమ్మలను నేను స్లైడులు తీసిస్తే, వాడు గోడ మీదికి వేసి, కాగితం అంటించి గీత గీసుకోని, ఆ గీతను రాతి మీదికి ఎక్కించేవాడు. ఆ పనికి మిషను వాని షెడ్డులో ఉంటేనే బాగుంటాదని నేనే ఇచ్చినా. స్లైడుల పెట్టె గూడా ఇచ్చినా. ఇంటికన్నా గుడి పదిలం అంటారు గదా, అట్ల.

ఆమె పోయినాక రెండేండ్లు ఆ స్లైడును చూసే ధైర్యం లేకపాయ. మూడో ఏడు మనసు ఆగల్యా. వానికి ఫోను చేస్తి. "పాత లెన్సుతో నా షెడ్డులో మూడడుగులకు మించి పడదురా" అన్నాడు. మూడడుగుల మనిషిని చూసేదానికి అంత దూరం పోవాల్నా? ఆమె సరిగ్గా అయిదడుగులు. అయిదడుగులే కావాల నాకు. ఎదురుగా నిలబడినట్టు ఉండాల.

"షెడ్డు పొడవెంత?"

"ఇరవై నాలుగు అడుగులు."

"స్లైడు తీసి స్కేలు పెట్టి చూడు, మనిషి ఎంతుందో."

ఫోను పక్కన పెట్టినాడు. పెట్టె మూత తీసిన చప్పుడు గూడా ఇనపడింది నాకు. మల్లొచ్చి, "పద్దెనిమిది మిల్లీమీటర్లురా, పాదాల కాడ్నించి కొప్పు దాకా" అన్నాడు.

కాగితం మీద లెక్క వేస్తే ఎనభై అయిదు తేలింది. మిషనుకున్న పాత లెన్సును ఊడదీసి వాడు బస్సులో పంపిస్తే, అది పట్టుకోనే అంగడికి పోయినా. అంగడాయప్ప యాడాడో ఎతికి నెలకు తెప్పించినాడు. గొట్టం అచ్చం సరిపాయె. ఆ పొద్దే ఆళ్లగడ్డ బస్సెక్కినా. ఇస్త్రీ చొక్కా ఏసుకున్నా, నవ్వుకోండి.

మధ్యాహ్నం షెడ్డుకు పట్టలు కట్టి చీకటి చేసినాడు. లెన్సు బిగించి సరిచేసినా. ముందు ఒక అమ్మవారి స్లైడు వేసినాడు. గోడ మీద నిలువునా అయిదడుగులు, అంగుళం అటూఇటూ కాల్యా. నా లెక్క చూసి నాకే గర్వమాయె. వాడు గబగబా కాగితం అంటించి పెన్సిలు తీసుకోని గీయబట్టినాడు.

"అదేందిరా, ముందు మాది పెట్టు" అంటి.

"ఉండప్పా, అయిదడుగుల అమ్మవారికి ఆర్డరొచ్చింది. పది నిమిషాలు."

పది నిమిషాలు ఊరుకున్నా. మల్ల అడిగినా. వాడు ఇటు తిరగల్యా.

"అది లేదురా. బూజు పట్టింది. సరిగ్గా మొగం మీదనే. ముక్కు పోయింది, కండ్లు పోయినాయి. చెడిన బొమ్మను ఇంట్లో పెట్టుకోగూడదు గదా, మావాళ్లు ఎవురూ పెట్టుకోరు. పద్ధతిగా పసుపు కుంకుమ ఏసి ఏట్లో కలిపినా."

"ఎప్పుడు?"

"అయిదారేండ్లయింటాది."

అంటే ఆమె బతికుండంగానే.

"రేయ్, ఆమె దేవత కాదురా, నా పెండ్లాం! ముక్కు లేకపోతే లేకపాయె, నాకియ్యాల్సింది గదరా! బతికున్న మనిషిని ఏట్లో కలిపినావా?"

వాడు పెన్సిలు ఆపల్యా. అప్పుడు నాకు ఫోను గుర్తొచ్చింది.

"మరి స్కేలు పెట్టి కొల్చి చెప్తివే! ఎవుర్ని కొల్చినావు?"

పెన్సిలుతో గోడ మీది అమ్మవారిని చూపించినాడు.

"ముందే ఎందుకు చెప్పల్యా?"

"చెప్పింటే నువ్వు లెన్సు తెస్తుంటివా?" అన్నాడు. తప్పు చేసినోని మాదిరి గూడా అనలేదు, పనిలో ఉన్నోని మాదిరి అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట. మిషను కాడికి పోయి లెన్సు పట్టుకోని పెరికినా. చేతి ఏళ్లు కాలినాయి. అమ్మవారు పోయి గోడంతా తెల్లగా అలుక్కపోయింది. "సగమే గీసినా, ఆగురా, ఆగు!" అని వాడు అరుస్తానే ఉండాడు. ఇన్నేండ్ల స్నేహానికి వాడు అరిచింది ఆ సగం గీత కోసం.

బస్టాండులో కూర్చున్నంతసేపూ వాన్ని తిట్టినా, నోటికొచ్చిందల్లా తిట్టినా. బస్సు కదిలి ఊరు దాటినాక కండ్లు మూసుకోని ఆ నవ్వును తలుచుకుందామని చూసినా. ఆమె కట్టుకున్న చీర రంగు వచ్చింది. మెట్ల మీది ఎండ వచ్చింది. మొగం రాల్యా. ఎన్నితూర్లు చూసినా ఆ పెదవులు బిగబట్టిన మొగమే వస్తాంది.

స్లైడు ఉంది గదా, వాని దగ్గర పదిలంగా ఉంది గదా అని, ఇన్నేండ్లూ ఆ నవ్వును గుర్తు పెట్టుకునే పని నేను చెయ్యనేల్యా.