ఏడు గంటల వార్తల్లో పిల్లి

రేడియో స్టేషన్లో ఆమెను అందరూ మిషనక్క అంటారు. ఏసీ చలికి స్వెట్టరు వేసుకుని, మిషన్ రూములో కంప్యూటర్ల మధ్య ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తోంది. కంగారు ఆమె ఒంటికి పడదు. ఎవరైనా "కొంప మునిగింది మిషనక్కా" అంటూ పరుగెత్తుకొస్తే, "మునిగేలోపు కూర్చుని, ఏమైందో మొదటినుంచి చెప్పు" అంటుంది.

అక్కడ వార్తలు చదివేది ఆమె భర్తకు అక్క. ఇంట్లో గలగలా మాట్లాడే ఆ వదిన, మైకు ముందు కూర్చుంటే గొంతులో వెంట్రుకవాసి తేడా రానివ్వదు.

ఒక సాయంత్రం ఏడు గంటల వార్తల్లో వదిన "దీనిపై మేయరు గారి మాటలు విందాం" అని చదివి, మధ్యాహ్నం రికార్డు చేసి దాచుకున్న ముక్కను నొక్కింది. మేయరుకు బదులు పిల్లి అరిచింది. ముందు ఆకలేసిన పిల్లి, తర్వాత అలిగిన పిల్లి, ఆపైన పాలు తాగేసి దొరికిపోయిన పిల్లి. వదిన క్షమాపణ చెప్పి తర్వాతి వార్త అందుకుంది గానీ, బయటికొచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది.

ఆ పిల్లి ఎవరిదో అందరికీ తెలుసు. పిల్లిలా అరుస్తూ పిల్లల కార్యక్రమం నడిపే ఆయనకు పిల్లిమామయ్య అని పేరు.

"నీ పిల్లి నా ఫోల్డర్లోకి ఎలా దూరిందయ్యా?" అని నిలదీసింది వదిన.

ఆయన లబోదిబోమన్నాడు. "ఒట్టు మేడం! నా పేరుతో లాగినై, నా దాంట్లోనే దాచాను."

మిషనక్క ఇద్దరి మాటా నమ్మింది. సర్వర్లో చూస్తే, ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణంలో తమ రికార్డులు పంపారు. ఆమెకు విషయం అర్థమైంది.

ఎవరైనా రికార్డు పంపితే, దాన్ని దాచే ప్రోగ్రాము కాసేపు ఆ మనిషి గుర్తింపు తీసుకుంటుంది. వాళ్ల హక్కులతో, వాళ్ల ఫోల్డర్లో దాచి, మళ్లీ తన గుర్తింపుకు వచ్చేస్తుంది. ఒకరి తర్వాత ఒకరి పని చేసినన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఆలస్యమవుతోందని కిందటేడు మిషనక్కే దాన్ని థ్రెడ్లుగా, అంటే పక్కపక్కనే నడిచే పాయలుగా, విడగొట్టింది. దాంతో ఒకే ప్రోగ్రాములో నలుగురి పనీ ఒకేసారి నడవసాగింది. గుర్తింపు మాత్రం ప్రోగ్రాము మొత్తానికీ ఒక్కటే. పిల్లిమామయ్య పని చేస్తున్న థ్రెడ్ ఫైలు రాయబోయేలోపే, పక్క థ్రెడ్ ఆ గుర్తింపును వదిన పేరుకు మార్చేసింది. దాంతో పిల్లి అరుపులూ వదిన ఫోల్డర్లోకే వెళ్లాయి. ఇద్దరికీ అది ఆ రోజు మూడో రికార్డే కావడంతో, ప్రోగ్రాము రెంటికీ ‘మూడు’ అనే పేరు పెట్టింది. మేయరు మాటలు చెరిగిపోయి, ఆ చోట పిల్లి కూర్చుంది.

"తప్పు నాదేనండీ" అంది మిషనక్క డైరెక్టరుతో. "ప్రస్తుతానికి ప్రోగ్రాముకు తాళం వేస్తాను. ఒకరి రికార్డు పూర్తయ్యాకే ఇంకొకరిది. సరిగ్గా బాగుచెయ్యడానికి టైము పడుతుంది."

మర్నాటి నుంచి అందరికీ ఎదురుచూపులే. "ఇదేంటక్కా, బస్టాండులో టికెట్ల క్యూలా ఉందే!" అని సణిగారు. ఆమె చెవిన వేసుకోలేదు.

పక్క సీటు ఇంజనీరుకు ఓపిక తక్కువ. "మధ్యవర్తి లైబ్రరీని దాటేసి, సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌నే నేరుగా అడుగుదాం. ఒక్కో థ్రెడ్‌కీ విడి గుర్తింపు ఇస్తుంది. రెండు లైన్ల పని!"

"ఇస్తుంది, కాదనను. కానీ థ్రెడ్లన్నీ ఒకే మెమరీలో కాపురముంటాయి. ఒకదాన్ని ఎవడైనా లొంగదీసుకున్నాడంటే మిగతావాటి హక్కులూ వాడి చేతికొచ్చినట్టే. పైగా పనయ్యాక ఏ థ్రెడ్డయినా పాత గుర్తింపుకి రావడం మర్చిపోయిందనుకో, మళ్లీ ఇదే తంటా."

"మరేం చేస్తావ్?"

"మనిషికో చిన్న ప్రోగ్రాము, విడిగా. థ్రెడ్లు పుట్టకముందే అది తన మనిషి గుర్తింపు తీసుకుంటుంది. ఇక వెనక్కి రాదు."

అలాగే రాసింది. ముందు ప్రోగ్రాముకు ఉమ్మడి గ్రూపుల వల్ల వచ్చిన హక్కులు వదిలించి, ఆ తర్వాతే పేరు మార్పించింది. పేరు ముందు మారిపోతే గ్రూపులు వదిలించే అధికారమే మిగలదు. మార్పు జరిగిందని జవాబు వస్తేనే ప్రోగ్రాము ముందుకు సాగాలి, లేకపోతే అక్కడే ఆగిపోవాలి. చివరగా, వదిలేసిన అధికారాన్ని తిరిగి తీసుకోమని ప్రోగ్రాముకే చెప్పి చూసింది. కుదరదంది. ఆ "కుదరదు" చూసి మిషనక్క తనలో తనే నవ్వుకుంది.

పరీక్ష రోజున అనౌన్సర్లందరినీ పిలిచి, ఒకేసారి రికార్డులు పంపమంది. మధ్యాహ్నమంతా అదే పని. వదిన విసుక్కోకుండా మళ్లీ మళ్లీ నొక్కింది. ఎవరి గొంతు వాళ్ల దగ్గరే ఉంది. ఎదురుచూపులూ పోయాయి. డైరెక్టరు తాళం తీసెయ్యమన్నాడు.

ఆ శనివారం పిల్లిమామయ్య మిషనక్కను తన కార్యక్రమానికి పిలిచాడు. మిషన్ రూములో ఏం చేస్తారో పిల్లలకు చెప్పాలి. అంత నిదానం మనిషీ మైకు చూడగానే తడబడింది. మొదటి వాక్యం సగంలో ఆగింది. కిటికీ అవతలి నుంచి వదిన చెయ్యి కిందికీ పైకీ ఆడించింది, మెల్లగా, మెల్లగా అన్నట్టు.

"కంప్యూటర్‌కి నిద్రొస్తుందా ఆంటీ?" అని ఫోన్లో ఒక పాప అడిగింది.

"రాదమ్మా. నాకొస్తుంది. అందుకే దానికి పని అప్పజెప్పి ఇంటికెళ్లిపోతాను."

పాప కిలకిలా నవ్వింది. ఆ నవ్వుతో మిషనక్క గొంతు కుదుటపడింది.

బయటికొచ్చాక స్వెట్టరు విప్పి నుదుటి చెమట తుడుచుకుంటూ, "ఎలా ఉంది వదినా?" అని అడిగింది.

"మొదటి వాక్యం సంగతి అడక్కు" అంది వదిన. "అక్కణ్ణుంచి మాత్రం అచ్చం మా ఇంటి మనిషిలాగే మాట్లాడావు."

ఇద్దరూ మెట్లు దిగి, కబుర్లు చెప్పుకుంటూ బస్టాపుకేసి నడిచారు.