జాలాడి పక్కన బీరపాదు

బాల్కనీ కుండీలో సబ్బునీళ్లు పోయగానే లేచిన మట్టివాసనకు కోసిగిలోని మా జాలాడి గుర్తొచ్చింది.

నన్ను అవ్వ దగ్గర వదిలి దూరం ఊళ్లకు సుగ్గికని, పంటకోతల కూలికి పోయిన అమ్మ, ఉగాదికి వచ్చి, మేం స్నానాలు చేసే ఆ జాలాడి పక్కన, నీళ్లు పారే చోట బీరగింజలు నాటింది. నాకు అనుమానమొచ్చింది. పండగ కాగానే పోయే మనిషికి పాదెందుకు?

“మళ్లా పోతాండావా మా?”

“నువ్వు దినామూ నీళ్లు పోసుకో. అదే కాస్తాది,” అంది నా వైపు చూడకుండా.

నన్ను ఏమార్చడానికే అనుకుని అమ్మ సంచికి కాపలా కాశాను. తెల్లారేసరికి సంచీ లేదు, అమ్మా లేదు.

అమ్మ లేనప్పుడల్లా స్నానం ఎగ్గొట్టే నేను, పాదు ఎండిపోతుందన్న భయంతో, అవ్వ కేకేయకముందే స్నానానికి జాలాడిలో కూర్చునేదాన్ని.

వానలకు అమ్మ తిరిగొచ్చింది. గోడెక్కి వేలాడుతున్న బీరకాయల వైపు కన్నెత్తి చూడలేదు. నన్ను దగ్గరకు లాక్కుని, మెడ వెనక మట్టి ఉందేమోనని వేలితో రుద్ది చూసింది.