ఇంగువ లేని ఉప్పిండి

పొద్దున్న మెట్లు దిగుతుంటే కింది వాటాలోంచి ఇంగువ పోపు వాసన గుప్పుమంది. ఆ వాసనకి ఎవరికైనా ఆకలేస్తుంది. నాకు మాత్రం కనకాలపేటలో మేం అద్దెకున్న ఇల్లు, ఆ ఇంటావిడ తెరెజమ్మ మామ్మగారు గుర్తొస్తారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. చర్చికైనా సంతకైనా ఒకటే పరుగు. ఇవాళ నేను నా కాళ్ళ మీద మెట్లు దిగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

బండి మీంచి పడి తొడ ఎముక విరిగి, ఆపరేషనయ్యాక మళ్ళీ నడక నేర్చుకుంటున్న రోజులవి. వాకరు పట్టుకుని కాస్త దూరం నడిస్తే చాలు, కాళ్ళు వణికిపోయేవి. ఏం తిన్నా ఒంటికి పట్టేది కాదు. డాక్టర్లు పరీక్షలు చేసి, నా పేగులకి గోధుమ పడదనీ, అది పూర్తిగా మానేస్తే తప్ప కండ పట్టదనీ, నడక రాదనీ చెప్పారు. నడక రాకపోతే బడిలో పాఠాలు చెప్పడం ఎలాగ? మా ఆయన తెల్లవారకుండానే రొయ్యల చెరువుకి వెళ్ళిపోయేవారు. చపాతీ, బొంబాయి రవ్వ ఉప్మా కాకపోతే పొద్దుటిపూట ఇంకేం తినాలో తోచక ఏడుస్తూ కూర్చున్నాను. మామ్మగారు గుమ్మంలోంచే దులిపేశారు.

"ఓసి నీ మొహం మండ! చపాతీలు రాకముందు మనోళ్ళు పస్తులున్నారేంటే? నేనొండి పెడతాను, నోర్మూసుకుని తిను."

మర్నాటి నుంచి మొదలు. ఓ రోజు ఆవిరి కుడుము, ఓ రోజు మినప రొట్టె, ఎక్కువగా బియ్యపు రవ్వ ఉప్పిండి. అన్నిటిలోకీ, పక్కన పచ్చడిలోకీ ఇంగువ దండిగా వేసేవారు. "అరిగిపోద్దే, కడుపుకి మంచిది" అనేవారు. రుచి గురించి చెప్పక్కర్లేదు. కానీ నా కడుపుబ్బరం తగ్గలేదు. వ్యాయామం చేయించే అమ్మాయి, "కిందటి వారం కంటే నీరసంగా ఉన్నారండి" అంది. ఆ మాట విని మామ్మగారికి రోషం వచ్చింది. వంటింట్లో సరుకులన్నీ సంచిలో వేసుకుని నాతోపాటు ఆటో ఎక్కి ఆసుపత్రికి వచ్చారు.

అక్కడ ఏం తినాలో చెప్పే మేడమ్ ఒక్కొక్కటే తీసి చూసి, ఇంగువ డబ్బా దగ్గర ఆగింది.

"మామ్మగారూ, ఈ ఇంగువలో గోధుమపిండి కలుపుతారండి. ఈవిడకి చిటికెడు కూడా పడదు."

మామ్మగారు ఆ డబ్బా తీసి సంచిలో పడేసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా చేత్తో నేనే పెట్టానా తల్లీ" అన్నారు. మీరు తెలీక పెట్టారు కదండీ అన్నా వినిపించుకోలేదు. ఇంటికి రాగానే తలుపేసుకున్నారు. ఇక రారనుకున్నాను. నా కాళ్ళ సంగతి మరిచిపోయి ఆవిడ కోసమే బెంగపెట్టుకున్నాను.

తెల్లారేసరికి గిన్నెతో వచ్చారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఉప్పిండిలో ఇంగువ లేదు. అల్లం, మిరియాలు, జీలకర్ర ఉన్నాయి.

"రుచి చచ్చింది. అయినా తిను. ఇంగువ తగిలిన పొడులన్నీ పారబోశాను. కడుపులో ఎలాగుందో ఉన్నదున్నట్టు చెప్పు. నేను బాధపడతానని దాచావో, ఊరుకోను."

నిజానికి అంత మంచి ఉప్పిండి నేనెప్పుడూ తినలేదు. నెమ్మదిగా కడుపు కుదుటపడింది, కాళ్ళకి బలమొచ్చింది. ఓ ఉదయం వాకరు వదిలేసి ఆవిడ వంటింటి దాకా నడిచి వెళ్ళాను. నన్ను చూసి అట్లకాడ పట్టుకునే ఏడ్చేశారు. "రొట్టె మాడిపోతోందే, నీ వల్లే!" అని నన్నే తిట్టారు.

మామ్మగారు ఇప్పుడు లేరు. నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. ఎప్పుడైనా ఏ పిల్లనో అన్యాయంగా కసిరి బాధపెడితే, మర్నాడు ఆ తరగతికి వెళ్ళాలంటే మొహం చెల్లదు. అయినా వెళ్తాను. ముందు ఆ పిల్ల దగ్గరికే వెళ్తాను. ఆ గుణం మామ్మగారి తిండితోపాటే నాకు ఒంటబట్టింది.