మా ఆపా లాప్‌టాప్‌కు గొంతొచ్చిన వైనం

ఈమధ్య మా ఆపాకు ఏదో పింఛను పని పడితే, ఆవిడ రిటైరైన ఆఫీసుకు ఇద్దరం కలిసి ఆటోలో వెళ్ళాం. మా ఇళ్ళల్లో అక్కను ఆపా అంటాం. మా ఆపాకు చూపు లేదు. గేటు దాటి, వరండా ఎక్కి, ఒకప్పుడు ఆవిడ కూర్చున్న ఎంక్వయిరీ కౌంటరు దగ్గరకు నడిపించుకుని వెళ్ళేసరికి అక్కడ బల్ల లేదు, కుర్చీ లేదు, మనిషెత్తున ఒక అద్దం యంత్రం నిలబడి ఉంది. వేలితో ముట్టుకుంటే బొమ్మలు మారతాయట, కావలసిన సంగతి ఎవరికి వారే చూసుకోవాలట. ఆపా చెయ్యి చాచి ఆ అద్దాన్ని పైనుంచి కిందిదాకా తడిమి, ఎక్కడా ఒక మీట కూడా తగలక, "ఇది మాట్లాడదా?" అని అడిగింది. పక్కనున్న సెక్యూరిటీ అతను "లేదమ్మా, చూసి నొక్కుకోవాలండీ" అన్నాడు. అదే చోట ఒక పాత లాప్‌టాప్ చేత మాట్లాడించడానికి మేం పడిన పాట్లన్నీ నాకు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

నా ఈడువాళ్ళు మరిచిపోయి ఉండరు, తొంభైల్లో ఏ పెద్ద ఆఫీసుకు ఫోన్ చేసినా ముందు ఆపరేటరు గొంతు పలికేది, ఫలానా సెక్షను కావాలంటే "లైన్లో ఉండండి" అని కలిపేది. పేరెందుకు గానీ, విజయవాడలో ఆ ఆఫీసుకు ఆ గొంతు మా ఆపాదే. ఇంటర్ చదువుతుండగా కంటి నరం దెబ్బతిని చూపు పోయినప్పుడు ఇంట్లో అందరం ఏడ్చాం, ఒక్క ఆవిడ తప్ప. తనే పట్టుబట్టి టెలిఫోను ఆపరేటరు శిక్షణ తీసుకుని ఉద్యోగం తెచ్చుకుంది. గుడివాడ నుంచి చేసినా, బందరు నుంచి చేసినా, రెండోసారి చేసినవాళ్ళను మొదటి మాటకే పోల్చుకుని పేరు పెట్టి పలకరించేది. అలాంటిది, రెండువేలు దాటాక ప్రతి బల్లమీదా నేరుగా మోగే ఫోన్లు వచ్చి స్విచ్‌బోర్డు మూలపడింది. ఆపాను ఒక కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. హాజరు పడుతుంది, జీతం వస్తుంది, పని మాత్రం లేదు. సాటి ఉద్యోగులు అదృష్టవంతురాలివి అంటుంటే ఆవిడకు ఒళ్ళు మండేది. చూపు పోయినప్పుడు ఏడవని మనిషి, ఆ కుర్చీలో కూర్చోలేక మా ఇంటికొచ్చి ఏడ్చింది.

ఆ రోజుల్లోనే ఎంక్వయిరీలో కూర్చునే ఆయన బదిలీ అయ్యి ఆ సీటు ఖాళీ పడింది. వచ్చినవాళ్ళ దరఖాస్తు నంబరు అడిగి, సెక్షన్లవాళ్ళు రోజూ పొద్దున్నే ఇచ్చే కంప్యూటరు ఫైల్లో వెతికి, వాళ్ళ కాగితం ఏ గదిలో ఉందో, ఏం తక్కువైందో చెప్పడం ఆ సీటు పని. నాకివ్వండి అని ఆపా వెళ్ళి అడిగింది. తెర చూడాలి కదమ్మా అని పెద్దసారు సందేహించారు. తెరమీదున్నది కంప్యూటరే నాకు చదివి వినిపిస్తుందండీ అని ఈవిడ ధీమాగా చెప్పింది. అయితే వచ్చే సోమవారం తెచ్చి చూపించండి, కుదరకపోతే మాత్రం మళ్ళీ అడక్కండి అన్నారాయన. అలా అక్కడ మాటిచ్చేసి, పటమటలో ఒక కాలేజీ కంప్యూటరు ల్యాబు చూసుకుంటున్న నా మీదకు వచ్చి పడింది.

విండోస్‌లో తెర చదివే సాఫ్ట్‌వేర్ ఉండేది గానీ దాని వెల మా తాహతుకు మించినది. దొంగకాపీ వేసుకుంటే ఆఫీసు బల్లమీద పెట్టనివ్వరు. విండోస్‌కు బదులు ఎవరైనా ఊరికే వేసుకోగలిగే లైనక్స్‌లో అయితే అలాంటిది ఉచితంగానే దొరికేది. ల్యాబులో కంప్యూటర్లన్నిటికీ లైనక్స్ ఎక్కించి దింపిన చెయ్యి నాది, ఇదెంత పని అనుకుని, కరెంటు పోయినా ఆగకుండా ఉంటుందని ఒక పాత లాప్‌టాప్ కొని అందులో వేశాను. అంతా చక్కగా వచ్చింది, ఒక్క శబ్దం తప్ప. లాప్‌టాప్ స్పీకరుకూ లైనక్స్‌కూ మధ్య సౌండ్ డ్రైవరు అనే దుబాసీ ఒకటి ఉంటుంది. ఆ దుబాసీకి మా లాప్‌టాప్ భాష సగమే తెలుసు కాబోలు, చెవులకు హెడ్‌ఫోను తగిలిస్తే పలుకుతుంది, తీసేస్తే మూగనోము పడుతుంది.

హెడ్‌ఫోనులో వస్తోంది కదా, అదే పెట్టుకో అన్నాను, పని అయిపోయినట్టే సంబరపడిపోతూ. ఆపా హెడ్‌ఫోను తీసి నా చేతిలో పెట్టి, "కళ్ళెలాగూ లేవు, చెవులు కూడా మూసుకోమంటావుటే? కౌంటరుకొచ్చినవాళ్ళు నాతో ఎలా మాట్లాడతారు?" అంది. ఎదుటి మనిషి ఎటు నిలబడ్డాడో, పెద్దవాడో పిల్లవాడో, కోపంతో వచ్చాడో దిగులుతో వచ్చాడో ఆవిడకు తెలిసేది చెవులతోనే.

ఇక నాకూ పంతం వచ్చింది. కాలేజీ అవగానే నెట్ సెంటరులో కూర్చుని, మా లాంటి లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏమని మొరపెట్టుకున్నారో వెతికేదాన్ని. అచ్చంగా మా బాధే రాసిన ఒక మనిషి దొరికాడు. ప్రాణం లేచొచ్చి కిందికి చదువుకుంటూ వెళితే, చివర "సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు" అని రాసి చక్కాపోయాడు. ఎలా తీరిందో ఒక్క ముక్క రాయలేదు. ఆ మహానుభావుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇంకెవరో చెప్పారని శబ్దానికి సంబంధించిన సరంజామా అంతా తీసేసి మళ్ళీ వేస్తే, ఉన్న హెడ్‌ఫోను పలుకు కూడా పోయింది. దాన్ని తిరిగి రప్పించేసరికి వారంలో సగం గడిచిపోయింది. ఈలోగా ఆపా భర్త, గడియారాలు బాగుచేసే మా బావగారు, చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని నా చుట్టూ తిరుగుతూ, ఎక్కడో తీగ ఊడి ఉంటుందమ్మా, ఒక్కసారి విప్పి చూడనివ్వు అని బతిమాలేవారు. ఆయన చేతికి చిక్కకుండా దాన్ని కాపాడటం ఇంకో పని.

చివరకు ఒకచోట దారి కనిపించింది. డ్రైవరు తన అంతట తాను మన లాప్‌టాప్ రకాన్ని పోల్చుకోలేకపోతే, ఇది ఫలానా రకం అని మనమే ఒక పేరు రాసిపెట్టాలట. లోపలి తీగల అమరిక కలిస్తే వేరే కంపెనీ రకం పేరైనా పనికొస్తుందట. అంటే దానికి అరువు ఇంటిపేరు పెట్టడమన్నమాట. అలాంటి పేర్లు చాంతాడంత ఉన్నాయి. ఒక్కో పేరూ రాయడం, ఆపి మళ్ళీ వెలిగించడం, మాట కోసం చూడటం. సోమవారం గడువనగా ఆదివారం మధ్యాహ్నం భవానీపురంలో ఆపా ఇంట్లో ఆ పనిమీదే కూర్చున్నాం. ఎండాకాలం, గదిలో కూలరు రొద, వీధిలోకి తెరిచిన కిటికీ. పేరు తరవాత పేరు పెడుతున్నాను, నోరు మెదపదే.

అంతలో కరెంటు పోయింది. వీధి వీధంతా ఉసూరుమంది. బావగారు విసనకర్ర వెతుక్కుంటూ లేచారు. పాత బ్యాటరీ ఎంతసేపు వస్తుందో తెలియదు, ఇక రేపటి ఆశ వదులుకోవలసిందే అనుకుంటూ ఇంకో పేరు రాసి వెలిగించాను. కూలరు ఆగిన ఆ నిశ్శబ్దంలో ఆపా లాప్‌టాప్ మీదకు వంగి చెవి ఆనించింది. "ఆగు, ఆగు. ఏదో తెరుచుకుంది. సన్నగా ఉస్సుమంటోంది. ఇందాకటి పేర్లకు ఇలా లేదు" అంది. నేనూ చెవి ఆనించాను గానీ నాకేమీ వినిపించలేదు. స్విచ్‌బోర్డు దగ్గర ఇన్నేళ్ళు కూర్చున్న మనిషికి ఖాళీ లైనుకూ చచ్చిన లైనుకూ తేడా తెలియదా అని ఆవిడ మాట నమ్మాను. స్పీకరుదాకా దారి పడితే మరి మాటెందుకు రాదు? శబ్దాల హెచ్చుతగ్గులు చూపే మిక్సరు తెరిచి, ఒక్కో గడీ జరుపుకుంటూ వెళితే, స్పీకరు గడి కింద నోరు కట్టేసిన గుర్తు కనబడింది. ఒక మీట నొక్కి ఆ గుర్తు తీసేసి, పై బాణంతో శబ్దం పెంచాను.

అంతే, ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు గొంతొకటి తెరమీది చెత్తంతా గడగడా చదివేయడం మొదలుపెట్టింది. బావగారు విసనకర్ర అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చారు. ఆపా రెండు చేతులూ ఆ లాప్‌టాప్ మీద వేసుకుని నవ్వుతూ ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేముంది చెప్పుకోవడానికి.

అంత సంతోషంలోనూ ఆపా నన్ను కదలనివ్వలేదు. నువ్వు లేనప్పుడు ఇది మళ్ళీ మూగపోతే ఏం చెయ్యాలో చెప్పమంది. ఇక పోదులే అన్నా వినకుండా, మిక్సరు ఎలా తెరవాలో, బాణం మీట ఎంతవరకు నొక్కుకుంటూ వెళ్ళాలో, ఏ మీట కొడితే నోటి కట్టు ఊడుతుందో బ్యాటరీ అయిపోయేదాకా తన వేళ్ళతో వల్లెవేసింది.

సోమవారం నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. పెద్దసారు, ఆయన వెనక సగం ఆఫీసు చూస్తుండగా ఆపా లాప్‌టాప్ వెలిగించింది. మాట లేదు. మార్చిన అమరికను దాచుకోమని దానికి విడిగా చెప్పాలన్న సంగతి నాకప్పటికి తెలియదు, ఆరిపోయి వెలిగేసరికి అది పాత కట్టు మళ్ళీ కట్టేసుకుంది. ముందుకు వెళ్ళబోయాను. ఆపా నా అడుగు విని, వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది. వినడానికి మాట లేదు, చూడటానికి చూపు లేదు, ఆ నల్ల తెరమీద ఏం జరుగుతోందో చెప్పే దిక్కు లేదు. ఆవిడ వేళ్ళు మాత్రం తడబడకుండా మీటల మీద నడిచాయి, ఒకచోట ఆగాయి, నొక్కాయి. ముక్కు గొంతు పలికింది.

పెద్దసారు, గుమ్మంలో నిలబడి చూస్తున్న ఒక రైతును పిలిచి, మేడమ్‌గారికి నీ నంబరు చెప్పవయ్యా అన్నారు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఆ సీటు ఆపాదే. ఆ గొంతు వేగాన్ని క్రమంగా ఎంత పెంచిందంటే, పక్కవాళ్ళకు అది వర్షం పడుతున్నట్టు తప్ప మాటల్లా వినిపించేది కాదు. ఒక చెవి దానికి, ఒక చెవి మనుషులకు. దివిసీమ నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన ముసలివాళ్ళు ఆవిడ దగ్గర పని తెలుసుకున్నాక కూడా కాసేపు నిలబడి ఇంటి కష్టాలు చెప్పుకుని మరీ వెళ్ళేవారు.

ఇవన్నీ తలుచుకుంటూ ఆ అద్దం ముందు నిలబడి ఉండగా, చేతిసంచితో ఒక పెద్దాయన వచ్చాడు. యంత్రాన్ని ఎగాదిగా చూసి, కళ్ళజోడు సర్దుకుని, ఎవరినీ ఉద్దేశించి కాదన్నట్టు "ఇక్కడ చెప్పేవాళ్ళెవరూ లేరాండీ?" అన్నాడు. ఆపా తల ఆ మాట వైపు తిరిగింది. "ఏం పనండీ? మీ నంబరు చెప్పండి" అంది, ఆ పాత కౌంటరు గొంతుతోనే. ఆయన చెప్పాడు. ఆపా నావైపు తిరిగి, "నొక్కి, ఏముందో చదువు" అంది. నేను అద్దం మీద తడుముకుంటూ నొక్కి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆపా అదంతా విని, ఏ కాగితం తక్కువైందో, ఎవరిని ఏమని అడగాలో ఆయనకు విడమరిచి చెప్పింది. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇప్పుడు మజ్జిగబండి మీద మైకు డబ్బా మాట్లాడుతుంది, మా అపార్ట్‌మెంటు లిఫ్టు మాట్లాడుతుంది, మాటకు కరువేమీ లేదు. ఆ రోజుల్లో ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడానికి యంత్రానికి మాట తెప్పించుకున్నాం. ఈ రోజు ఆ కుర్చీ ఉన్నచోట యంత్రం ఉంది, అడిగేవాళ్ళూ ఉన్నారు, బదులు పలికే గొంతే లేదు. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలియక బాధపడుతున్నంతలోనే, పెద్దాయన పని కావడం చూసి మా వెనక ఇంకో ముగ్గురు వచ్చి నిలబడ్డారు. ఆపా చీరకొంగు సర్దుకుని, నంబరు అడిగి, నా భుజం తట్టింది.

"కాస్త గబగబా చదవ్వే. నీకంటే ఆ పాత లాప్‌టాపే నయం."

నేను కళ్ళజోడు తుడుచుకుని తరవాతి నంబరు నొక్కాను.